వెబ్ పుటలో అక్షర పరిమాణం – తూర్పు కనుమల భాషల లిఖిత సామగ్రి: ఒక చారిత్రక పరిశీలన

1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం గిడుగు వేంకట రామమూర్తి గారి సవర భాషా వివరణ గ్రంథాన్ని ఇంగ్లీషులో వెలువరించింది. గ్రంథ శీర్షికలో సవరల పేరు 'సోరా' అని రోమన్ లిపిలో ఉంది. ఆ పేరులోని రెండు అచ్చుల తరువాతా నిలువుగా రెండేసి చుక్కలు కనిపిస్తాయి. అవి విరామ చిహ్నాలు కావు, దీర్ఘానికి గుర్తులు. 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి కొండ భాషా గ్రంథం హైదరాబాదు నుంచి వెలువడింది. అందులో కొన్ని పదాల్లోని రేఫం కింద సన్నని అడ్డగీత ఉంటుంది, మరికొన్నింట ఉండదు. గీత ఉన్న ధ్వని ఒకటి, లేని ధ్వని మరొకటి. ఆ గీత కంటికి ఆనకపోతే పాఠకుడు చదివేది కొండ భాషలో లేని పదం కావచ్చు.

అచ్చు పుస్తకంలో ఆ చుక్కల, గీతల పరిమాణాన్ని అక్షరాలు కూర్చినవారు నిర్ణయించారు. అదే పుట కంప్యూటరు తెర మీదికి, ఆ తరువాత చేతిలోని ఫోను మీదికి వచ్చినప్పుడు ఆ నిర్ణయం ఎవరి చేతికి వెళ్ళింది? బ్రౌజర్‌లో పుటను పెంచి చూసే సౌకర్యం ఏ మార్గాన వచ్చింది, తెలుగు రాతకు అది ఎప్పుడు అందింది, అరకు లోయ పరిసర భాషల సామగ్రికి ఎందుకు సగమే అందింది అన్న విషయాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఇది సాంకేతిక నిపుణులకు వదిలివేయదగిన ప్రశ్నగా కనిపించవచ్చు. కానీ గిరిజన భాషల పాఠ్య పరిష్కరణలో ఇది పాఠనిర్ణయంతో సమానమైన ప్రశ్న.

అచ్చు నుంచి తెరకు

తెలుగు రాత అడ్డంగా సాగుతూనే నిలువుగానూ పెరుగుతుంది. తలకట్టు, గుడి, ఏత్వం వంటివి అక్షరం పైన నిలుస్తాయి. ఒత్తులు కిందికి దిగుతాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో గుడి దీర్ఘం పైన, రెండు ఒత్తులు కింద చేరుతాయి. అందువల్ల రోమన్ పంక్తికి సరిపోయిన ఎత్తు తెలుగు పంక్తికి చాలదు. అచ్చు అక్షరాలు పోతపోసినవారికి ఈ చిక్కు మొదటినుంచీ తెలుసు. అక్షరాన్ని చిన్నది చేస్తే ప-ఫ, ద-ధ, బ-భ జంటల్లో తేడా చూపే చిన్న గీత ముందుగా మాయమవుతుంది. పురాణాలను ప్రత్యేకంగా పెద్ద అక్షరాల్లో అచ్చువేసే ప్రచురణకర్తలు తెలుగునాట చిరకాలంగా ఉన్నారంటే కారణం ఇదే. చూపు మందగించిన పాఠకుడు ఇంట్లో ఉన్న భాగవతాన్ని పెద్దది చేసుకోలేడు, ఇంకొక ప్రతి కొనుక్కోవాలి.

వెబ్ పుట తొలి రూపంలో ఈ ఇబ్బంది లేదు. టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలినాటి పుటల్లో ఇది శీర్షిక, ఇది పేరా అన్న గుర్తులు మాత్రమే ఉండేవి. అక్షరం ఎంత ఉండాలో చదివేవారి బ్రౌజర్ అమరికను బట్టి, పంక్తి ఎక్కడ తెగాలో వారి కిటికీ వెడల్పును బట్టి తేలేది. 1993లో మొజాయిక్ బ్రౌజర్ పాఠం మధ్యలోనే బొమ్మను చూపించడంతో పరిస్థితి మారింది. బొమ్మకు ఇన్ని పిక్సెళ్ళ వెడల్పు, ఇన్ని పిక్సెళ్ళ ఎత్తు అన్న కొలత ఉంటుంది. ఆ కొలతకు లోబడి పుట మొత్తాన్ని అమర్చడం అలవాటైంది. 1996 డిసెంబరులో వెలువడిన తొలి శైలి ప్రమాణం, అంటే సి.ఎస్.ఎస్., అక్షర పరిమాణానికి రెండు రకాల కొలతలను అనుమతించింది. పిక్సెల్, పాయింటు వంటివి ఒక రకం. ఎమ్, శాతం వంటి సాపేక్షమైనవి మరో రకం. ఎమ్ అన్న కొలత సీసపు అక్షరాల కాలం నాటిది. దాని పేరు రోమన్ లిపిలోని వెడల్పైన అక్షరం నుంచి వచ్చిందంటారు. ఆ అక్షరం లేని తెలుగు రాతను కూడా నేడు ఆ కొలతతోనే కొలుస్తున్నారు.

రూపకర్తలు ఎక్కువగా పిక్సెల్ వైపే మొగ్గారు. తమ తెర మీద చూసిన పుట అందరి తెరల మీదా అలాగే ఉండాలన్నది వారి కోరిక. దీని ఫలితం పాఠకుడి మీద పడింది. ఆనాడు విస్తారంగా వాడుకలో ఉన్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరో కూర్పు వరకు అక్షరాన్ని పెంచే ఐదు మెట్ల పట్టిక ఉండేది. కానీ పిక్సెళ్ళలో బిగించిన అక్షరం ఆ పట్టికకు లొంగేది కాదు. ఫైర్‌ఫాక్స్ తొలి కూర్పులు అక్షరాన్ని మాత్రం పెంచేవి, బొమ్మను ముట్టుకొనేవి కావు. పదాలు పెరిగి గడులు దాటి పక్క బొమ్మల మీదికి పొర్లేవి. పుట మొత్తాన్ని ఏకంగా పెంచే పద్ధతి ఒపేరా బ్రౌజర్‌లో అంతకు ముందే ఉంది. 2006లో ఎక్స్‌ప్లోరర్ ఏడో కూర్పు, 2008లో ఫైర్‌ఫాక్స్ మూడో కూర్పు ఆ పద్ధతిని స్వీకరించాయి. అప్పటినుంచి 'జూమ్' అంటే అక్షరం, బొమ్మ, ఖాళీ అన్నీ ఒకే నిష్పత్తిలో పెరగడమే అన్న అర్థం స్థిరపడింది.

ఈ మార్పును సౌకర్యంగానే చెప్పుకుంటారు. అది నిజమే అయినా పాత పద్ధతి బయటపెట్టిన లోపాన్ని కొత్త పద్ధతి కప్పివేసింది. అక్షరం మాత్రమే పెరిగినప్పుడు ఏది నిజంగా రాత, ఏది రాతగా కనిపించే బొమ్మ అన్నది వెంటనే తేలిపోయేది. అన్నీ కలిసి పెరిగినప్పుడు ఆ తేడా మరుగున పడింది.

బొమ్మగా ఉన్న తెలుగు

ఆ తేడా తెలుగుకు చిన్నది కాదు. 1990ల ఆరంభంలో తెలుగువారు అంతర్జాలంలో రోమన్ అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి ఆ కాలానిదే. తెలుగు లిపినే చూపదలచినవారికి అందుబాటులో ఉన్న సులువైన దారి రాతను బొమ్మగా మార్చి పుటలో పెట్టడం. ఆ తరువాత పత్రికల వెబ్‌సైట్లు డైనమిక్ ఫాంట్లను ఆశ్రయించాయి. వీటిలో తెలుగు అక్షరం వెనుక ఉన్న సంకేతం రోమన్ అక్షరానిదే, పైరూపం మాత్రం తెలుగుది. ఫాంటు దిగితే పుట చదవవచ్చు, పెంచుకోవచ్చు. దిగకపోతే తెర నిండా అర్థంలేని రోమన్ గుర్తులు కనిపించేవి. వెదకడం మాత్రం ఏ స్థితిలోనూ సాధ్యమయ్యేది కాదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పులోనే స్థానం దొరికింది. సామాన్య పాఠకుడికి అది చేరడానికి మరో పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు స్వతంత్రంగా వాడుకలోకి వచ్చాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానికి ఆద్యుడైన వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధం డైనమిక్ ఫాంట్ల పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. పత్రికలు తాముగా మారకముందే పాఠకులు తమ తెర మీద వాటిని మార్చుకున్నారన్నమాట.

యూనికోడ్ వచ్చాక కూడా పరిమాణం విషయంలో తెలుగుకు ఒక అన్యాయం మిగిలింది. బ్రౌజర్లు సాధారణంగా అక్షరాన్ని 16 పిక్సెళ్ళలో చూపుతాయి. ఈ కొలత అక్షరానిది కాదు, అక్షరం కూర్చున్న చట్రానిది. పై గుర్తులకూ కింది ఒత్తులకూ చోటు వదలవలసి రావడంతో అదే చట్రంలో తెలుగు మూలాక్షరానికి మిగిలే స్థలం తగ్గుతుంది. ఒకే వాక్యంలో రోమన్ పదం పక్కన తెలుగు పదం తరచుగా చిన్నదిగా కనిపించడానికి కారణం ఇది. దీనికి తోడు రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని పంక్తుల ఎడాన్ని అక్షర పరిమాణానికి 1.2 రెట్లకు బిగించిన పుటల్లో పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను రాసుకుంటాయి. పాఠకుడు జూమ్ చేస్తే ఆ రాపిడి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది, తొలగదు.

ఫోనులో పుట

2007లో ఐఫోను వచ్చినప్పుడు దాని బ్రౌజర్ ఒక యుక్తి పన్నింది. పుటను 980 పిక్సెళ్ళ వెడల్పులో ఊహించి అమర్చి, దాన్ని 320 పిక్సెళ్ళ తెరలోకి కుదించింది. పాఠకుడు రెండు వేళ్ళతో విడదీసి తనకు కావలసిన భాగాన్ని పెంచుకోవాలి. 2010 మేలో ఈథన్ మార్కాట్ మరో మార్గాన్ని ప్రతిపాదించాడు. తెర వెడల్పును బట్టి పుటే తనను తాను సర్దుకోవాలి, బొమ్మ వెడల్పును శాతంలో చెప్పి గడిని దాటకుండా ఆపాలి అన్నది దాని సారం. అదే కాలంలో కొందరు రూపకర్తలు ఫోనులో పెంచి చూసే వీలును పుటలోనే నిషేధించారు. 2016లో ఆపిల్ తన పదో కూర్పు నుంచి ఆ నిషేధాన్ని పట్టించుకోవడం మానివేసింది.

అంగవైకల్యం ఉన్నవారికి వెబ్ అందుబాటును నిర్దేశించే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ చరిత్రకు ఒక కొలబద్దను ఇచ్చాయి. 2008 డిసెంబరు నాటి రెండో కూర్పు ప్రకారం అక్షరాన్ని 200 శాతం వరకు పెంచినా పుటలోని విషయం గాని, పని గాని కోల్పోకూడదు. రాతను బొమ్మగా పెట్టడాన్ని అదే కూర్పు నిరుత్సాహపరచింది. 2018 జూన్ నాటి 2.1 కూర్పు ఇంకొక అడుగు వేసింది. పుటను 320 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించినా, అంటే 1280 పిక్సెళ్ళ తెరను 400 శాతం పెంచినా, పంక్తులు మళ్ళీ సర్దుకోవాలి. పాఠకుడు అడ్డంగానూ నిలువుగానూ జరుపుకోవలసిన అవసరం రాకూడదు. అక్షరం పెరగడం ఒకటి, పంక్తి సర్దుకోవడం మరొకటి అని ప్రమాణం రెండుగా గుర్తించడం ఇక్కడ ముఖ్యం. బొమ్మగా ఉన్న రాతకు మొదటిది కొంతవరకు సాధ్యం. రెండోది అసాధ్యం.

అరకు పరిసర భాషల సామగ్రి

అరకు లోయ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. లోయలోనూ చుట్టుపక్కల కొండల్లోనూ ద్రావిడ కుటుంబానికి చెందిన కొండ, కువి భాషలు, గదబల పలుకుబడులు, వివిధ తెగల మధ్య వ్యవహార భాషగా ఉన్న ఆదివాసీ ఒడియా వినిపిస్తాయి. ఈశాన్యాన సీతంపేట వైపు ముండా కుటుంబపు సవర ఉంది. వీటి తొలి లిఖిత రూపాలను ఎక్కువగా భాషాశాస్త్రజ్ఞులు, మతప్రచారకులు, అధికారులు నమోదు చేశారు. సుధీభూషణ్ భట్టాచార్య ఒల్లారి గ్రంథం 1957 నాటిది, ఇజ్రాయెల్ కువి వ్యాకరణం 1979 నాటిది. రోమన్ లిపిలో పైగీతలు, కింది చుక్కలు, అడ్డగీతలు చేర్చి రాయడం వీటి పద్ధతి.

ఆ చేర్పులే ఈ భాషల ప్రాణం. కొండ భాషలో మామూలు రేఫంతో పాటు దంతమూలీయ కంపితాలు రెండున్నాయి, ఒకటి నాదం, ఒకటి శ్వాసం. కృష్ణమూర్తి గారు మొదటిదానికి రేఫం కింద గీతనూ, రెండోదానికి పెద్దబడి రోమన్ అక్షరాన్నీ వాడారు. తెలుగులో బండిరకు, సాధురేఫకు మధ్య ఏనాడో పోయిన తేడా అరకు కొండల్లో మాటగా నిలిచి ఉంది. కొండలోనూ సవరలోనూ కంఠమూలీయ స్పర్శం కూడా ఉంది. దానికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు.

ఇటువంటి గ్రంథాల పాత ప్రతులు అంతర్జాలంలో సాధారణంగా స్కాన్ చేసిన పుటల బొమ్మలుగా దొరుకుతాయి. ఒక చిన్న లెక్క చూడవచ్చు. రేఫం కింది గీత మందం మిల్లీమీటరులో ఐదోవంతు అనుకుందాం. అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో స్కాన్ చేస్తే ఆ గీతకు రెండు పిక్సెళ్ళకు పైగా దక్కుతాయి. దస్త్రం బరువు తగ్గించడానికి ఆ బొమ్మను 100 చుక్కలకు కుదిస్తే ఒక పిక్సెల్ కూడా పూర్తిగా దక్కదు. గీత బూడిదరంగు మరకగా మారుతుంది, లేదా పోతుంది. పాఠకుడు 400 శాతం జూమ్ చేసినా బ్రౌజర్ ఉన్న పిక్సెళ్ళను సాగదీయగలదే తప్ప పోయిన గీతను తిరిగి పుట్టించలేదు. పెద్దదైన మరక పెద్ద మరకే. ఇక సవర గ్రంథంలోని నిలువు చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతే దీర్ఘం ఉందో, స్కానులో పడిన ధూళి ఉందో చెప్పడం కష్టం.

పుట స్పష్టంగా ఉన్నా ఫోను మీద మరో అడ్డంకి ఎదురవుతుంది. ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, సామాన్యమైన ఫోను తెర వెడల్పు 70కి అటూఇటూ. పుట మొత్తం తెరలో ఇమిడితే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు దిగుతుంది. కాగితం మీది పరిమాణానికి పెంచితే పంక్తిలో సగం కూడా తెరలో పట్టదు. 160 మిల్లీమీటర్ల పంక్తిని చదవడానికి రెండుసార్లు కుడికి, ఒకసారి తిరిగి ఎడమకు జరపాలి. 30 పంక్తుల పుటకు ఇవి సుమారు 90 కదలికలు. పదకోశంలో ఒక మాట వెదికే పరిశోధకుడు దీన్ని భరిస్తాడు. కొండ కథను పిల్లలకు చదివి వినిపించదలచిన ఉపాధ్యాయుడు రెండో పుటకు వెళ్ళడు. ఇంకొకటి కూడా ఉంది. యూనికోడ్ తెలుగులో 1500 సంకేతాల పుట సుమారు 4.5 కిలోబైట్లు. అదే పుట చదవదగిన బొమ్మగా దానికి ఎన్నో రెట్లుంటుంది. సంకేతం అందీ అందని కొండవాలులో ఈ తేడా పుట తెరుచుకోవడానికీ తెరుచుకోకపోవడానికీ మధ్య తేడా.

పాఠశాల సామగ్రిది మరో తరహా. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమం కింద ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. కొండ, కువి, ఆదివాసీ ఒడియా, సవర వాటిలో ఉన్నాయి. గిడుగు వారు తొలినాళ్ళలో సవర వాచకాలను తెలుగు లిపిలోనే రాసిన సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది. తెలుగు డి.టి.పి. ప్రపంచంలో చిరకాలం రాజ్యమేలినవి అను వంటి సంకేత ఫాంట్లు. వాటితో కూర్చిన పుస్తకం పి.డి.ఎఫ్.గా వస్తే పెంచినకొద్దీ అక్షరం అంచులు చెదరవు, ఎందుకంటే అక్కడ అక్షరం రేఖాకృతిగా ఉంటుంది. అయినా పంక్తి సర్దుకోదు, లోపలి సంకేతం తెలుగు కానందున మాటను వెదకలేము, వేరే పుటలోకి ఎత్తి రాయలేము. బొమ్మకూ రాతకూ నడుమ ఇదొక త్రిశంకు స్థితి.

వాచకమంటే బొమ్మలూ మాటలూ కలిసిన పుట. పిట్ట బొమ్మ లోపలే దాని పేరు రాసి ఉంటే బొమ్మ పరిమాణమే పేరు పరిమాణమవుతుంది. బొమ్మ వెడల్పును శాతంలో చెప్పిన పుటను జూమ్ చేస్తే చుట్టూ ఉన్న అక్షరాలు పెరుగుతాయి, గడికి కట్టుబడిన బొమ్మ మాత్రం అక్కడే ఆగుతుంది. దానిలోని పేరూ దానితో పాటే ఆగిపోతుంది. పేరును బొమ్మ బయట రాతగా పెట్టడం తప్ప దీనికి మందు లేదు. బొమ్మ విషయంలో ఒకే చిత్రాన్ని రెండు మూడు సాంద్రతల్లో ఉంచి, తెరకు తగినదాన్ని బ్రౌజర్ ఎంచుకొనేలా చేయవచ్చు. 300 పిక్సెళ్ళ గడిలో కనిపించే చిత్రాన్ని సాంద్రత రెట్టింపు ఉన్న తెర మీద రెండింతలు పెంచి చూడాలంటే మూలంలో 1200 పిక్సెళ్ళు ఉండాలి. గీతల్లో గీసిన బొమ్మలైతే రేఖాకృతులుగానే దాచడం మేలు.

లిపిలో లేని అక్షరాన్ని చిన్న బొమ్మగా చేసి పంక్తి మధ్యలో అతికించడం వెబ్‌లో పాత అలవాటు. కంఠమూలీయ స్పర్శానికో, కొత్త లిపికో ఇలా చేస్తే అక్షరాన్ని మాత్రమే పెంచే పద్ధతిలో పదమంతా పెరిగి ఆ ఒక్క ధ్వని చిన్నదిగా మిగిలిపోతుంది. బొమ్మ ఎత్తును పిక్సెళ్ళలో గాక ఎమ్‌లో చెబితే అది పదంతో పాటు పెరుగుతుంది. అయినా వెదుకులాటకు అది కనబడదు, తెరను చదివి వినిపించే సాధనానికి అది వినబడదు. ఈ బాధ నుంచి బయటపడిన ఉదాహరణ సవరకే ఉంది. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొర సొంపెంగ్ లిపికి 2012 జనవరిలో వెలువడిన యూనికోడ్ 6.1 కూర్పులో 35 స్థానాలు దక్కాయి. గూగుల్ నోటో ఫాంట్లలో ఆ లిపికి ఫాంటు ఉంది. ఒడిశా సవరల్లో కొందరు ఆ లిపిని, మరికొందరు రోమన్‌ను వాడుతుండగా ఆంధ్ర ప్రాంతపు సవర తెలుగు లిపిలో నడుస్తోంది. ఏ లిపిలోనైనా రాత రాతగా ఉంటేనే ఈ పంపకం మీద చర్చ సాధ్యం. మూడు లిపుల పాఠాలనూ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

కొండ, కువి గ్రంథాల రోమన్ గుర్తులన్నింటికీ యూనికోడ్‌లో నేడు స్థానాలున్నాయి. తెలుగు శాసనాల్లో దంతమూలీయ స్పర్శానికి వాడిన అక్షరం కూడా 2015లో ఎనిమిదో కూర్పులో చేరింది. కాబట్టి అక్షరం లేదన్న సాకు ఇక చెల్లదు. చేయవలసింది టైపు చేయడం, సరిచూడడం. యంత్రంతో అక్షరాలను గుర్తింపజేయడం ఇక్కడ అంతగా పనికిరాదు. కింది గీతను, పైగీతను విడిచిపెట్టి నున్నని రోమన్ పాఠాన్ని ఇచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ పాఠం ఎంత పెంచినా స్పష్టంగా, అందంగా, తప్పుగా కనిపిస్తుంది. స్కానులోని మరక కనీసం అనుమానాన్ని రేకెత్తిస్తుంది.

అందుచేత పరిష్కృత పాఠం వచ్చాక పుట బొమ్మను తొలగించకూడదు. కొండ కథను పుటగా పెట్టదలచిన సంపాదకుడు మూలాన్ని, తెలుగు లిపి రూపాన్ని, అనువాదాన్ని మూడు నిలువు గడుల పట్టికలో బిగిస్తే ఫోను మీద పాత చిక్కే తిరిగి వస్తుంది. వాక్యం వాక్యంగా మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెడితే ఇరుకు తెరలోనూ అవి విడిపోవు. అక్షరాన్ని ఎమ్‌లోనూ, పంక్తి ఎడాన్ని కనీసం ఒకటిన్నర రెట్లలోనూ ఉంచితే ఒత్తులకు చోటు దొరుకుతుంది. ప్రతి కథ చివర మూలపుట స్కాన్‌ను పూర్తి సాంద్రతతో, నొక్కితేనే దిగేలా విడిగా ఉంచాలి. రేఫం కింద గీత ఉందా లేదా అన్న సందేహం వచ్చిన పాఠకుడు అక్కడికి వెళ్ళి పెంచి చూసుకుంటాడు.